చికాగోలో ఉన్న చెల్లికి లైట్ బాక్స్ కొనాలా? చలికాలం డిప్రెషన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

సుబేదారి_అన్న
డిసెంబర్ 4, రాత్రి 9:20

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. మా చెల్లి చికాగోలో ఎంఎస్ చేస్తోంది, ఇది రెండో చలికాలం. నిరుడు దీపావళి దాకా బాగానే ఉంది, ఆ తర్వాత డల్ అయిపోయింది. కొత్త ఊరు, చలి, చదువు టెన్షన్ అనుకుని ఊరుకున్నాం. ఏప్రిల్‌కల్లా తనంతట తనే హుషారైంది. ఈసారి మళ్లీ అదే వరస, ఇంకాస్త ముందే మొదలైంది. రాత్రి పదింటికి పడుకుంటే పొద్దున పదింటికి కూడా లేవబుద్ధి కావట్లేదట. లేచినా ఒళ్లు బరువు. అన్నం, బ్రెడ్డు, చాక్లెట్లు తెగ తింటోంది. ఫోన్ చేస్తే "ఆ, ఊ" తప్ప మాట లేదు. వీడియో ఆన్ చేయమంటే నెట్ బాగాలేదంటుంది.

రూమ్మేట్ "లైట్ బాక్స్ పెట్టుకో, ఇక్కడ చాలామంది వాడతారు" అందట. మొహం ముందు పెట్టుకుని కూర్చునే గట్టి వెలుతురు పెట్టె అట. ఇంట్లో చెబితే బాపు "రూంల లైటు లేదా ఏంది?" అన్నాడు. అమ్మ ఎండుమిరపకాయలు పట్టుకుని ఫోన్ ముందు కూర్చుని దిష్టి తీసింది. (దాని మీద నాకేం కంప్లయింట్ లేదు, చెల్లి ఆ రోజు నవ్వింది.)

ఈ లైట్ బాక్స్ నిజంగా పనిచేస్తుందా, అమ్ముకునేవాళ్ల మాటా? పనిచేస్తే ఎలాంటిది కొనాలి? ఇక్కడ కొని పంపితే చవకగా వస్తుందా?


కాజీపేట_జంక్షన్
డిసెంబర్ 4, రాత్రి 10:05

తమ్మీ, ఏమనుకోకు. ముందు విటమిన్ డి టెస్ట్ చేయించమను. ఆ చలిదేశాలకు పోయిన మనవాళ్లందరికీ అదే లోటు. మొహం మీద లైటు వేసుకుంటే దుఃఖం పోయేదుంటే, రాత్రంతా స్టేషన్ ప్లాట్‌ఫారం లైట్ల కింద పడుకునేవాళ్లంత సంతోషంగా లోకంలో ఎవరూ ఉండొద్దు. డాలర్లు గుంజే పని ఇది.


ఎడ్మంటన్_అక్క
డిసెంబర్ 5, ఉదయం 7:48

పుట్టిల్లు పరకాల, ఇప్పుడు ఉండేది కెనడాలో ఎడ్మంటన్. ఏటా ఈ పెట్టె వాడుతున్న మనిషిని కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

ముందు అక్కడి పగలు ఎట్లుంటదో మీ బాపుకు చెప్పండి. మాకు డిసెంబర్‌లో సూర్యుడు ఎనిమిది ముప్పావుకు వచ్చి నాలుగుంబావుకు వెళ్లిపోతాడు. ఏడున్నర గంటలు కూడా ఉండడు. చికాగోలో తొమ్మిది గంటల పైచిలుకు పగలు, నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. మన వరంగల్‌లో ఏడాది మొత్తంలో అన్నిటికంటే చిన్న పగలు కూడా పదకొండు గంటలుంటుంది. పైగా ఇక్కడ ఆ కాస్త పగలూ క్లాసులోనో ఆఫీసులోనో గడిచిపోతుంది, బయటికొస్తే మబ్బు.

నేను వాడే పద్ధతి: లేచిన గంటలోపు, చాయ్ తాగుతూ అరగంట. పెట్టె డైనింగ్ టేబుల్ మీద ఎడమ పక్కన, కంటికి కొంచెం పైన ఉంటుంది. మొహానికి అడుగున్నర, రెండడుగుల దూరం. దాని వైపు గుచ్చి చూడను. కళ్లు మాత్రం తెరిచే ఉంచాలి, కళ్లు మూసుకుని కునుకు తీస్తే లాభం లేదు. ఫోన్ చూసుకోవచ్చు, పేపర్ చదువుకోవచ్చు, పిల్లల టిఫిన్ బాక్సులు సర్దుకోవచ్చు. మొదట్లో తలనొప్పి వచ్చేది, కొంచెం దూరం జరిపితే తగ్గింది. పొద్దున వాడాల్సిందే. మా ఆయన ఒకసారి సరదాగా సాయంత్రం దాని ముందు కూర్చుని, ఆ రాత్రి రెండు దాకా నిద్ర రాక సినిమాలు చూశాడు.

ఇక కొనడం. పెట్టె మీద 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఎంత దూరంలో 10,000 అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. చవక రకాలు చాలావాటికి అది ఆరంగుళాల దూరంలోనే. ఆరంగుళాలంటే ముక్కు దానికి ఆనించి కూర్చోవడమే, అరగంట ఎవరి వల్లా కాదు. అద్దం వెడల్పుగా ఉండాలి, తెల్ల లైటు, అతినీలలోహిత కిరణాలు రాకుండా ఫిల్టర్ ఉందని రాసి ఉండాలి. నీలం లైటు ఇంకా మంచిదని అమ్ముతారు, దానికి ఎక్కువ పెట్టక్కర్లేదు.

ఇండియాలో కొని పంపకండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్గు కూడా వేరు. కొరియర్ ఖర్చుతో అక్కడే మంచిది వస్తుంది. కొన్ని యూనివర్సిటీల హెల్త్ సెంటర్లలో, లైబ్రరీల్లో వాడుకోవడానికి ఊరికే ఇస్తారు కూడా, ముందు అది అడగమనండి.


సైకియాట్రీ_పీజీ
డిసెంబర్ 5, రాత్రి 11:30

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. వరంగల్‌లోనే సైకియాట్రీ పీజీ చేస్తున్నాను.

కాజీపేట అన్నా, విటమిన్ డికి ఈ పెట్టెకు సంబంధం లేదు. విటమిన్ డి తయారయ్యేది చర్మంలో, దానికి అతినీలలోహిత కిరణాలు కావాలి. లైట్ బాక్స్‌లో వాటిని కావాలనే ఆపేస్తారు. ఇది పనిచేసేది కంటి ద్వారా. కంటి వెనక పొర రెటీనాలో, చూపుతో పని లేకుండా, బయట వెలుతురు ఎంత ఉందో మాత్రమే మెదడుకు చెప్పే కణాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మెలనోప్సిన్ అనే పదార్థం ఉంటుంది. నిద్ర ఎప్పుడు, మెలకువ ఎప్పుడు అని నడిపించే మెదడులోని గడియారానికి అవి కబురు పంపుతాయి. పొద్దున ఆ కబురు ఆలస్యమైతే గడియారం వెనకపడుతుంది. శరీరం లేచినా లోపల ఇంకా రాత్రే. పొద్దున గట్టి వెలుతురు ఇస్తే దాన్ని ముందుకు జరపొచ్చన్నది దీని వెనక ఉన్న ముఖ్యమైన ఆలోచన. ప్లాట్‌ఫారం లైటు ఆ పనికి చాలదు. పైగా అది వచ్చేది రాత్రిపూట, ఉన్న నిద్ర కూడా పాడవుతుంది.

ఈ జబ్బుకు "సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్" అని పేరు పెట్టి, లైటు చికిత్సతో కలిపి 1984లో పేపర్ రాసింది అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేసిన నార్మన్ రోసెంతాల్, ఆయన బృందం. ఆయన సొంతూరు దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్, ఎండకు కొదవ లేని చోటు. అక్కడి నుంచి న్యూయార్క్ వచ్చాక చలికాలాల్లో తనకే నీరసం ముంచుకొచ్చిందట. మన పిల్లలది అచ్చం అదే దారి.

రుజువు సంగతి. కెనడాలో 96 మంది మీద జరిగిన ఒక పరిశోధన 2006లో అచ్చయింది. సగం మందికి పొద్దున అరగంట 10,000 లక్స్ లైటు, మందు లేకుండా పేరుకు మాత్రమే ఉన్న మాత్ర. మిగతా సగం మందికి డిప్రెషన్‌కు వాడే ఫ్లూక్సెటిన్ మాత్ర, పేరుకు మాత్రమే ఉన్న మసక లైటు. ఎనిమిది వారాలకు రెండు వైపులా 67 శాతం మందికి బాగా తగ్గింది. లైటు వాడినవాళ్లలో మొదటి వారానికే కొంత తేడా కనిపించింది, ఇబ్బందులూ తక్కువే. అయితే ఈ పెట్టెలకు ఎఫ్‌డీఏ (మందులను, వైద్య పరికరాలను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఆమోదం అంటూ లేదు. "డాక్టర్లు ఆమోదించినది" అని రాసి అమ్మితే ఆ మాటకు విలువ ఇవ్వకండి.

సుబేదారి అన్నా, మీ చెల్లికి వరసగా రెండేళ్లు ఒకే కాలంలో వచ్చి, ఎండాకాలానికి పూర్తిగా పోయిందంటే లక్షణాలు దీనికి సరిపోతున్నాయి. అతిగా నిద్ర, తీపి మీదికీ అన్నం మీదికీ మనసు పోవడం, బరువు పెరగడం దీని గుర్తులే. కానీ థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువున్నా ఇట్లాగే ఉంటుంది. అప్పు, ఉద్యోగం వస్తుందో రాదో అనే భయం, ఒంటరితనం కూడా పక్కన పెట్టేవి కావు. లైటుతో లోన్ తీరదు కదా. కాబట్టి పెట్టె కొనేముందు యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో ఒకసారి చూపించుకోమనండి.


కాజీపేట_జంక్షన్
డిసెంబర్ 6, ఉదయం 6:15

67 శాతం అంటే నూటికి ముప్పై ముగ్గురికి పని చేయలేదనే కదా డాక్టర్ గారూ.


సైకియాట్రీ_పీజీ
డిసెంబర్ 6, మధ్యాహ్నం 2:10

అవునన్నా, అంతే. మాత్ర కూడా అంతమందికి పని చేయలేదు. వాళ్లకు రెండూ కలిపి ఇస్తారు, లేదా కౌన్సెలింగ్ చేస్తారు. అమెరికాలోని వెర్మాంట్ యూనివర్సిటీవాళ్లు లైటునూ కౌన్సెలింగ్‌నూ పోల్చి చూశారు. ఆ చలికాలానికి రెండూ సమానంగానే పనిచేశాయి. రెండేళ్ల తర్వాతి చలికాలానికి మాత్రం కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలోనే తక్కువమందికి తిరగబెట్టింది. లైటు వాడినన్నాళ్లే పనిచేస్తుంది.


లైట్ల_దుకాణం
డిసెంబర్ 6, రాత్రి 8:40

హన్మకొండలో ఎలక్ట్రికల్ షాపు నడుపుతాను. ఈ టాపిక్ చదివాక షాపులో ఉన్న లక్స్ మీటర్ జేబులో వేసుకుని ఇంటికి పోయిన. లెక్కలు చెప్తా, బాపుకు చూపించండి.

రాత్రి హాల్లో 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబ్ కింద, సోఫాలో కూర్చుని మొహం దగ్గర పెట్టి చూస్తే 150 చుట్టూ ఉంది. అదే మనకు మస్తు వెలుతురు అనిపిస్తది, కన్ను సర్దుకుంటది కాబట్టి. పొద్దున ఎనిమిదింటికి కిటికీ పక్కన రెండు వేలు. అక్కడి నుంచి రెండడుగులు లోపలికి జరిగితే నాలుగు వందలకు పడిపోయింది. డాబా ఎక్కితే ఇరవై వేలు దాటింది, ఇంకా ఎండ ఎక్కనే లేదు. నడినెత్తికి వచ్చినంక లక్ష దాకా పోతది. అంటే రూంల లైటుకు, ఆ పెట్టెకు మధ్య డెబ్బై రెట్ల తేడా. "రూంల లైటు లేదా" అంటే లేనట్టే లెక్క.

ఇంకో మాట. ఇది చదివి ఎవరైనా 100 వాట్ల ఫ్లడ్ లైటు తెచ్చి మొహానికి కొట్టుకుంటారేమో, వద్దు. పెళ్లి పందిట్లో పెట్టే లైటు అది. దాని ముందట వెలుతురును పరిచే డిఫ్యూజర్ ఉండదు, చుక్కల్లెక్క ఒక్కచోటే మండుతది, కళ్లు గుంజుతయి. వెలుతురు వెడల్పాటి షీటు మీద సమానంగా పరుచుకోవాలె. ఫోన్‌లో లక్స్ యాప్‌లు ఉంటయి, నికరంగా చూపించవు గానీ ఇక్కడ ఎక్కువ, అక్కడ తక్కువ అని చూసుకోవడానికి పనికొస్తయి.


ఖని_కాక
డిసెంబర్ 7, ఉదయం 5:50

నేను గోదావరిఖని, సింగరేణిల పనిచేసి దిగిపోయిన మనిషిని. బాయిల దిగినోళ్లకు వెలుతురు విలువ ఒకళ్లు చెప్పాల్నా. చలికాలం మొదటి షిఫ్ట్‌ల ఇంటి నుంచి పోయేటప్పుడు చీకటే, లోపల టోపీ లైటు పడ్డంత మేర తప్ప ఏం కనపడది. మూడింటికి పైకొచ్చినంక మాకు ఇంకా రెండు మూడు గంటల ఎండ మిగిలి ఉండేది. ల్యాంప్ రూంల లైటు అప్పజెప్పి చాయ్ దుకాణం ముందట ఎండల నిలబడేటోళ్లం, ఎవ్వడు తొందరగ ఇంటికి పోయేటోడు కాదు. ఆ బిడ్డకు నాలుగున్నరకే పొద్దుగూకుతదంటే నాకు సమజైంది.

నా అనుమానం ఏందంటే, నా కొడుకు ఓసీల (ఓపెన్‌కాస్ట్ గనిల) డంపర్ నడుపుతడు. నైట్ షిఫ్ట్ వారం మొత్తం ఇంట్ల అందరి మీద ఇరుసుకపడతడు, పగలు నిద్ర పట్టదు. వానికి ఈ పెట్టె పనిచేస్తదా డాక్టరమ్మా?


సైకియాట్రీ_పీజీ
డిసెంబర్ 7, రాత్రి 10:20

కాకా, డాక్టరమ్మ కాదు, తమ్ముణ్ని. పర్లేదు.

మీ అబ్బాయిది కాలంతో వచ్చేది కాదు, షిఫ్ట్‌తో వచ్చే నిద్ర సమస్య. గడియారం అదే కానీ వైద్యం తలకిందులు. నైట్ షిఫ్ట్‌వాళ్లకు వెలుతురు కావాల్సింది షిఫ్ట్ మొదటి సగంలో. పొద్దున ఇంటికొచ్చేటప్పుడు ఎండ ఎంత తక్కువ తగిలితే అంత మంచిది, అందుకే కొందరు నల్ల అద్దాలు పెట్టుకుని వస్తారు. నిద్ర కళ్లతో బైక్ నడిపేవాళ్లు మాత్రం ఆ పని చేయొద్దు, ఎవరి వెనకో కూర్చుని రావడం మేలు. పడుకునే గదికి మందపాటి పరదాలు కట్టించండి. ఫోన్ ఇంకో గదిలో పెట్టమనండి. పెట్టె కొనక్కర్లేదు.


జగిత్యాల_టీచర్
డిసెంబర్ 8, సాయంత్రం 4:30

అందరూ చలికాలం అంటున్నారు. మా అమ్మకు ఏప్రిల్, మే వస్తేనే భయం. 45 డిగ్రీల ఎండ, పగలంతా తలుపులు వేసుకుని కూర్చుంటుంది, నిద్ర ఉండదు, అన్నం సహించదు, అయినదానికీ కానిదానికీ చిరాకు. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడితే మనిషి మారిపోతుంది. ఇదీ అదేనా?


సైకియాట్రీ_పీజీ
డిసెంబర్ 8, రాత్రి 9:15

అక్కా, ఎండాకాలంలో వచ్చే రకం కూడా ఉంది, 1980ల నుంచే రాస్తున్నారు. చలికాలందానికి ఉల్టా లక్షణాలు, మీరు చెప్పినవే. దానికి లైట్ బాక్స్ మందు కాదు. చల్లగా ఉంచడం, రాత్రి నిద్ర కాపాడటం, అవసరమైతే మాత్ర. ఏటా వస్తుంటే మార్చిలోనే ఒకసారి చూపించండి, మే దాకా ఆగకండి.


పేరు_వద్దు
డిసెంబర్ 9, రాత్రి 12:40

కరీంనగర్ నుంచి. అందరూ మంచి చెబుతున్నారు, ఒక చెడు కూడా తెలియాలి. మా బాబాయి కొడుకు స్వీడన్‌లో ఉంటాడు. ఎవర్నీ అడగకుండా పెట్టె కొని, తొందరగా తగ్గాలని పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చునేవాడు. కొన్నాళ్లకు నిద్ర మానేశాడు. నిద్ర రాక కాదు, అవసరమే లేదనేవాడు. అర్ధరాత్రి ఫోన్ చేసి హుజూరాబాద్‌లో భూమి కొందాం, రేపే అడ్వాన్స్ ఇస్తానని గంటలకొద్దీ మాట్లాడేవాడు. మొదట అందరం మనవాడు కోలుకున్నాడని సంబరపడ్డాం. తర్వాత అక్కడి డాక్టర్లు చూసి బైపోలార్ (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు డిప్రెషన్ వచ్చే జబ్బు) అన్నారు. మా ముత్తాత వైపు ఇద్దరికి అట్లాగే ఉండేదని అప్పుడు పెద్దవాళ్లు బయటపెట్టారు. ఇన్నేళ్లు "కొంచెం తిక్క" అని దాచారు. సుబేదారి అన్నా, మీ ఇంట్లో పెద్దవాళ్లను ముందు అడగండి. మొహమాటపడొద్దు.


సైకియాట్రీ_పీజీ
డిసెంబర్ 9, ఉదయం 8:05

ఈ పోస్టు అందరూ చదవాలి. బైపోలార్ ఉన్నవాళ్లకు, ఇంట్లో ఆ చరిత్ర ఉన్నవాళ్లకు ఈ లైటు డాక్టర్ చేతిలో ఉండాల్సిన వైద్యం. వాళ్లకు కొందరు డాక్టర్లు పొద్దున బదులు మధ్యాహ్నం, మూడ్ నిలకడగా ఉంచే మందుతో పాటు ఇస్తారు.

ఇంకో రెండు అడగాలి. షుగర్ వల్ల గానీ, ఇంకే కారణంతో గానీ రెటీనా దెబ్బతిన్నవాళ్లు ముందు కంటి డాక్టర్‌ను అడగాలి. తర్వాత, వాడుతున్న మందులు. కొన్ని మందులు వాడేటప్పుడు వెలుతురు ఒంటికి సరిపడదు: లిథియం, కొన్ని యాంటీబయాటిక్స్, మొటిమలకు ఇచ్చే డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినోయిన్. ఈ వయసు పిల్లలు మొటిమల మాత్ర వాడుతూ, అదీ ఒక మందేనని చెప్పరు. మీ చెల్లిని పేరు పెట్టి అడగండి.

అన్నిటికంటే ముందు అడగాల్సింది, బతకాలని లేదనే ఆలోచనలు వస్తున్నాయా అని. నేరుగా అడగొచ్చు. అడిగితే ఆలోచన పుడుతుందనేది ఉత్త భయం. వస్తున్నాయంటే పెట్టె, ఆర్డర్, కొరియర్ ఇవన్నీ పక్కన పెట్టి అదే రోజు సాయం అందాలి. అమెరికాలో 988కు ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. మన దగ్గర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, ఇంట్లోవాళ్లు కూడా చేసి సలహా అడగొచ్చు.


సుబేదారి_అన్న
డిసెంబర్ 11, రాత్రి 9:50

అడిగాను. వచ్చీరాని మాటలతో అడిగాను గానీ అడిగాను. అలాంటి ఆలోచనలు లేవంది. తర్వాత కాసేపు ఏడ్చింది, ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నానంది. ఇంట్లో బైపోలార్ లాంటిది ఎవరికీ లేదని అమ్మ, మేనత్త ఇద్దరూ చెప్పారు. డాక్టర్ గారూ, మొటిమలకు డాక్సీసైక్లిన్ నిజంగానే వాడుతోంది! హెల్త్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుంది.


ఎడ్మంటన్_అక్క
డిసెంబర్ 12, ఉదయం 8:20

మంచి పని చేశారు తమ్మీ. చెల్లిని మధ్యాహ్నం క్లాసుల మధ్య పది నిమిషాలైనా బయట నడవమనండి. మబ్బు రోజైనా సరే, బయటి వెలుతురు గదిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గది బ్లైండ్స్ తెరిచి పెట్టుకోమనండి. మన పిల్లలు చలికి భయపడి రోజంతా వాటిని దించే ఉంచుతారు.


సుబేదారి_అన్న
జనవరి 22, రాత్రి 8:15

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించాలి. హెల్త్ సెంటర్‌లో థైరాయిడ్, రక్తం చూశారు, బాగానే ఉన్నాయి. విటమిన్ డి కొంచెం తక్కువ ఉంది, మాత్ర ఇచ్చారు (కాజీపేట అన్నా, మీ మాటా నిలబడింది). మొటిమల కోర్సు ఎలాగూ చివర్లో ఉంది, అది అయ్యాక లైటు మొదలుపెట్టమన్నారు. కౌన్సెలర్ దగ్గరికి కూడా పోతోంది.

అక్కడ పొద్దున ఏడున్నర అంటే మనకు రాత్రి ఏడు. ఆ అరగంట అమ్మ వీడియో కాల్‌లో కూర్చుంటోంది. లైటు ముందు నుంచి లేవకూడదు కాబట్టి చెల్లి కూడా తప్పించుకోలేదు. మొదటి రోజు అమ్మ "మొహం పాలిపోయింది, రక్తం లేదు" అని గోల పెట్టింది. ఆ తెల్ల లైటులో ఎవరైనా అట్లాగే కనిపిస్తారని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు కూరగాయలు తరుగుతూ ఇంటి ముచ్చట్లన్నీ చెబుతోంది.

ముందు నిద్ర దారిలోకి వచ్చింది, పొద్దున క్లాసుకు వెళ్తోంది. మనసు కుదుటపడటానికి ఇంకొంచెం టైం పట్టింది. ఇప్పటికీ కొన్ని రోజులు బాగుండవు. సెలవుల్లో లైటు మానేస్తే మళ్లీ బరువెక్కిందట.


ఖని_కాక
జనవరి 23, ఉదయం 5:40

సంతోషం బిడ్డా. మీ అవ్వను గట్లనే కూసోమను.


సుబేదారి_అన్న
మార్చి 3, రాత్రి 8:30

ఒక్క ప్రశ్న. అక్కడ ఎండ వస్తోందట, ఇక ఆపేస్తానంటోంది. ఆపొచ్చా?


ఎడ్మంటన్_అక్క
మార్చి 4, ఉదయం 7:30

ఇంకొన్నాళ్లు ఆగమనండి. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు, అంటే పొద్దున మళ్లీ చీకట్లోనే లేవాలి. నేను ఏప్రిల్ సగం దాకా ఉంచుతాను, చివర్లో కొంచెం కొంచెం తగ్గిస్తాను. తనకు ఎప్పుడన్నది వాళ్ల డాక్టర్‌తో మాట్లాడుకోమనండి. వచ్చే ఏడు మాత్రం డల్ అయ్యేదాకా చూడొద్దు, సెప్టెంబర్ చివర్లోనే పెట్టె బయటికి తీయాలి. ఆ ఆదివారం నుంచి మీ అమ్మ కాల్ ఏడింటికి కాదు, ఆరింటికి. ముందే చెప్పి పెట్టండి.


కాజీపేట_జంక్షన్
మార్చి 4, రాత్రి 9:00

లైట్ల దుకాణం తమ్మీ, మా పెద్దబిడ్డకు డబ్లిన్‌లో సీటు వచ్చింది, సెప్టెంబర్‌లో పోతది. ఊరికే అడుగుతున్న, అక్కడ కరెంటు ఎన్ని వోల్టులు?


లైట్ల_దుకాణం
మార్చి 4, రాత్రి 9:25

మనలెక్కనే 230 అన్నా. ప్లగ్గు మాత్రం వేరే, మూడు చదరపు పిన్నులుంటయి. ఒక అడాప్టర్ పెట్టి పంపండి, ఫోన్ చార్జర్‌కు ఎట్లాగూ కావాలె. పెట్టె మాత్రం అక్కడే కొనుక్కోమనండి, చెడిపోతే మార్చి ఇచ్చే దిక్కు ఉండాలె.